రాబర్ట్ హుక్

రాబర్ట్ హుక్ (జూలై 18, 1635 – మార్చి 3, 1703) పదిహేడవ శతాబ్దానికి చెందిన ఆంగ్ల శాస్త్రవేత్త, పరికరాల నిర్మాత, వాస్తుశిల్పి. జీవశాస్త్రంలో సెల్ అనే మాటను మొట్టమొదట ప్రయోగించినవాడు ఇతడే. తెలుగులో దీనికి సమానార్థకంగా కణము, జీవకణము అనే పదాలు వాడుకలో ఉన్నాయి. 1665లో వెలువడిన మైక్రోగ్రాఫియా అనే గ్రంథంలో హుక్ బెండు ముక్కలో తాను చూసిన అతి చిన్న గదులను వర్ణించి, వాటి బొమ్మను గీసి, ఆ పేరు పెట్టాడు. భౌతికశాస్త్రంలో స్థితిస్థాపకతకు సంబంధించిన హుక్ నియమం కూడా ఇతని పేరుతోనే ప్రసిద్ధి చెందింది. 1666లో లండన్ నగరం అగ్నికి ఆహుతి అయిన తరువాత దాని పునర్నిర్మాణంలో ఇతడు ప్రధాన పాత్ర వహించాడు.

ఇన్ని రంగాలలో కృషి చేసినప్పటికీ, మరణానంతరం రెండు శతాబ్దాలకు పైగా హుక్ కీర్తి మరుగున పడిపోయింది. పాఠ్యపుస్తకాలలో ఇతని పేరు ఒక నియమానికి, ఒక మాటకు మాత్రమే పరిమితమైంది. ఇతని రూపాన్ని చూపే ప్రామాణికమైన చిత్రపటం ఒక్కటి కూడా నేడు లభించడం లేదు.

బాల్యము

హుక్ ఇంగ్లండు దక్షిణ తీరానికి సమీపంలోని ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో, ఫ్రెష్‌వాటర్ గ్రామంలో జన్మించాడు. తండ్రి జాన్ హుక్ ఆ ఊరి చర్చిలో మతాచార్యుడు. చిన్నతనంలో హుక్ తరచు జబ్బు పడుతూ ఉండేవాడు. తలనొప్పి వల్ల చదువుపై మనసు నిలపలేకపోవడంతో, మొదట అతనిని మతాచార్యుని చేయాలనుకున్న తండ్రి ఆ ప్రయత్నం మానుకున్నాడు. బాలుడు ఒంటరిగా వస్తువులు తయారు చేస్తూ కాలం గడిపేవాడు. ఒకసారి ఒక ఇత్తడి గడియారాన్ని విప్పుతుండగా చూసి, దానిని అనుకరిస్తూ కొయ్యతో ఒక గడియారాన్ని తయారు చేశాడు. అది నడిచింది కూడా. నీటిపై తేలుతూ చిన్న ఫిరంగులు పేల్చే ఓడ బొమ్మను కూడా నిర్మించాడు. చేతిపనిలోని ఈ నేర్పే తరువాతి కాలంలో అతని జీవనోపాధికి, కీర్తికి ఆధారమైంది.

1648లో, హుక్‌కు పదమూడేళ్ళ వయసులో, తండ్రి మరణించాడు. తండ్రి ఆస్తిలో తన వాటాగా వచ్చిన కొద్దిపాటి సొమ్ముతో బాలుడు లండన్ చేరుకున్నాడు. బొమ్మలు గీయడంలో ఆసక్తి ఉండటం వల్ల మొదట పీటర్ లీలీ అనే ప్రసిద్ధ చిత్రకారుని వద్ద కొద్దికాలం శిష్యరికం చేశాడు. చిత్రకళను వృత్తిగా స్వీకరించకపోయినా, అక్కడ అలవడిన పరిశీలన, రేఖల మీది పట్టు మైక్రోగ్రాఫియా చిత్రాలలో స్పష్టంగా కనిపిస్తాయి.

విద్యాభ్యాసము

లీలీ వద్ద నుండి వచ్చిన తరువాత హుక్ వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో చేరాడు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు రిచర్డ్ బస్బీ అతని ప్రతిభను గుర్తించి ఆదరించాడు. హుక్ అక్కడ లాటిన్, గ్రీకు భాషలు, జ్యామితి, ఆర్గాన్ వాద్యం నేర్చుకున్నాడు. యూక్లిడ్ రచించిన జ్యామితి గ్రంథంలోని మొదటి ఆరు భాగాలను ఒక్క వారంలో పూర్తి చేశాడని అతని మిత్రుడు జాన్ ఆబ్రే రాశాడు. గురుశిష్యుల మధ్య స్నేహం జీవితాంతం నిలిచింది.

1653లో హుక్ ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చి కళాశాలలో చేరాడు. అప్పట్లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ విల్కిన్స్ చుట్టూ కొందరు విద్వాంసులు చేరి ప్రకృతిని ప్రయోగాల ద్వారా తెలుసుకునే ప్రయత్నం చేస్తుండేవారు. క్రిస్టఫర్ రెన్, థామస్ విల్లిస్, రాబర్ట్ బాయిల్ వారిలో ముఖ్యులు. హుక్ మొదట వైద్యుడైన విల్లిస్‌కు, తరువాత బాయిల్‌కు సహాయకుడుగా పనిచేశాడు. బాయిల్ ధనిక కుటుంబానికి చెందినవాడు. హుక్ అతని వద్ద జీతం తీసుకుని పనిచేసే సహాయకుడు. బాయిల్ కోసం హుక్ నిర్మించిన వాయు పంపు ఆనాటి పరికరాలలో అతి క్లిష్టమైనది. వాయువు పీడనానికి, ఘనపరిమాణానికి గల సంబంధాన్ని తెలిపే బాయిల్ నియమం (1662) వెనుక ఉన్న ప్రయోగాలలో హుక్ హస్తం ఉంది.

రాయల్ సొసైటీలో

1660 నవంబరులో లండన్‌లో ఏర్పడిన విజ్ఞాన సంఘమే రాయల్ సొసైటీ. 1662 నవంబరులో ఈ సంఘం హుక్‌ను ప్రయోగాల నిర్వాహకుడుగా నియమించింది. ప్రతి సమావేశానికీ మూడు నాలుగు ముఖ్యమైన ప్రయోగాలు సిద్ధం చేసి సభ్యుల ఎదుట ప్రదర్శించడం ఇతని విధి. 1663లో సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు. 1665లో గ్రెషామ్ కళాశాలలో జ్యామితి ఆచార్య పదవి లభించింది. ఆ కళాశాలలోని గదులలోనే ఇతడు మరణించేవరకు నివసించాడు.

సభ్యులలో చాలామంది సంపన్నులు. విజ్ఞానం వారికి అభిరుచి. హుక్ మాత్రం దానిమీదే బ్రతకవలసినవాడు. జాన్ కట్లర్ అనే వర్తకుడు ఉపన్యాసాల నిమిత్తం సంవత్సరానికి 50 పౌండ్లు ఇస్తానని వాగ్దానం చేసి చెల్లించలేదు. ఈ వ్యవహారం న్యాయస్థానానికి ఎక్కింది. కట్లర్ మరణించిన తరువాత, 1696లో తీర్పు హుక్‌కు అనుకూలంగా వచ్చింది. వారం వారం కొత్త ప్రయోగం చూపవలసి రావడంతో హుక్ ఏ ఒక్క విషయాన్నీ చివరిదాకా కొనసాగించలేకపోయాడు. అతని తరువాతి వివాదాలలో అనేకం ఈ పరిస్థితి నుండే పుట్టాయి.

హుక్ సూక్ష్మదర్శిని

సూక్ష్మదర్శినిని కనిపెట్టినవాడు హుక్ కాదు. పదిహేడవ శతాబ్దం ఆరంభం నుండే ఐరోపాలో అవి వాడుకలో ఉన్నాయి. హుక్ వాటిని మెరుగుపరచి, చూసే పద్ధతిని క్రమబద్ధం చేశాడు. ఇతని సంయుక్త సూక్ష్మదర్శినిలో వస్తువు వైపు ఒక చిన్న కటకం, కంటి వైపు ఒక పెద్ద కటకం ఉండేవి. ఎక్కువ భాగాన్ని ఒకేసారి చూడవలసి వచ్చినప్పుడు మధ్యలో మూడవ కటకాన్ని అమర్చేవాడు. స్పష్టత కావలసినప్పుడు దానిని తొలగించేవాడు.

వెలుతురు చాలకపోవడం అప్పటి పెద్ద సమస్య. హుక్ ఒక దీపాన్ని, నీటితో నింపిన గాజు గోళాన్ని, ఒక కుంభాకార కటకాన్ని వరుసగా అమర్చి, దీపకాంతి అంతా చూడవలసిన వస్తువుపై పడేలా చేశాడు. ఒకే వస్తువును వేరువేరు దిక్కుల నుండి వెలుతురు వేసి పలుమార్లు చూసి, నీడ ఏదో గుంట ఏదో నిర్ధారించుకున్న తరువాతనే బొమ్మ గీసేవాడు. గాజు దారాన్ని మంటలో కరిగించి, పూస వంటి చిన్న కటకాన్ని తయారు చేసే విధానాన్ని కూడా తన గ్రంథం పీఠికలో వివరించాడు. అటువంటి ఒంటి కటకం మరింత పెద్దదిగా చూపినా, కంటికి శ్రమ అని చెప్పి తాను సాధారణంగా సంయుక్త సూక్ష్మదర్శినినే వాడాడు.

మైక్రోగ్రాఫియా

సూక్ష్మదర్శినితో చూసిన విశేషాలను సొసైటీ సమావేశాలలో వరుసగా ప్రదర్శించవలసిందిగా 1663లో హుక్‌ను కోరారు. ఆ పరిశీలనల సంపుటమే 1665 జనవరిలో వెలువడిన మైక్రోగ్రాఫియా. ఇందులో 60 పరిశీలనలు, రాగి రేకులపై చెక్కి ముద్రించిన 38 చిత్ర ఫలకాలు ఉన్నాయి. సూది మొన, మంగలి కత్తి అంచు, పట్టుబట్ట, మంచు స్ఫటికాలు, ఈగ కన్ను, తేనెటీగ కొండి, పేను, చీమ మొదలైనవన్నీ ఇందులో కనిపిస్తాయి. జంతువుల ఒంటిపై ఉండి రక్తం పీల్చే ఫ్లీ అనే పురుగు చిత్రం సుమారు 45 సెంటీమీటర్ల పొడవుతో మడత కాగితంపై ముద్రించబడింది. తోలుపై పెరిగిన బూజును వర్ణించిన పరిశీలన, సూక్ష్మమైన శిలీంధ్రానికి ముద్రణలో లభించిన మొదటి వర్ణనగా పరిగణించబడుతుంది.

గ్రంథం లాటిన్‌లో కాక ఇంగ్లీషులో ఉండటం వల్ల సామాన్య పాఠకులను కూడా ఆకర్షించింది. నౌకాదళ ఉద్యోగి, ప్రసిద్ధ దినచర్య రచయిత శామ్యూల్ పీప్స్ దీనిని కొని, రాత్రి రెండు గంటల వరకు మేలుకొని చదివాడు. కంటికి కనిపించని లోకం ఒకటి ఉన్నదని, అది నిత్యం చూసే వస్తువులలోనే ఉన్నదని మొదటిసారిగా ప్రజలకు చూపిన గ్రంథం ఇది.

కణాల ఆవిష్కరణ

బెండుకు సంబంధించిన పరిశీలన గ్రంథంలో పద్దెనిమిదవది. 1663 ఏప్రిల్‌లోనే హుక్ దీనిని సొసైటీలో ప్రదర్శించాడు. సీసాలకు మూతగా వాడే ఈ బెండు, దక్షిణ ఐరోపాలో పెరిగే కార్కు ఓక్ అనే చెట్టు బెరడు. హుక్ కలాలు చెక్కే చాకును మంగలి కత్తిలా పదును పెట్టి, బెండు ముక్క నుండి మొదట ఒక పొరను తీసి, దాని ఉపరితలాన్ని నునుపు చేశాడు. ఆ తరువాత మిక్కిలి పలుచని మరొక పొరను కోశాడు. ఆ పొర తెల్లనిది కాబట్టి దానిని నల్లని పలకపై ఉంచి, కటకం ద్వారా కాంతిని దానిపై ప్రసరింపజేసి సూక్ష్మదర్శినితో చూశాడు.

ఆ పొర అంతా తేనెపట్టు వలె గుల్లగుల్లగా కనిపించింది. అయితే తేనెపట్టు గదులు ఒకే క్రమంలో ఉంటాయి; ఇవి అంత క్రమంగా లేవు. గదికీ గదికీ నడుమ పలుచని గోడలున్నాయి. అంగుళంలో పద్దెనిమిదవ భాగంలో సుమారు 60 గదులను హుక్ లెక్కించాడు. ఆ లెక్కన ఒక అంగుళం పొడవులో 1,080, ఒక చదరపు అంగుళంలో 11,66,400, ఒక ఘనపు అంగుళంలో 125 కోట్లకు పైగా గదులు ఉంటాయని గణించాడు. ఈ సంఖ్య నమ్మశక్యం కానిదిగా అతనికే తోచింది. నేటి కొలతల ప్రకారం చూస్తే అతడు లెక్కించిన గది వెడల్పు మిల్లీమీటరులో నలభయ్యవ వంతుకు దగ్గరగా ఉంటుంది. ఇది బెండు కణాల పరిమాణానికి సరిపోయే అంచనాయే.

ఈ గదులను సూచించడానికి హుక్ రంధ్రాలు, పెట్టెలు, బుడగలు వంటి అనేక పదాలతో పాటు సెల్ అనే పదాన్ని కూడా వాడాడు. చిన్న గది అని అర్థమిచ్చే లాటిన్ పదం సెల్లా దీనికి మూలం. మఠాలలో సన్యాసులు నివసించే గదులను చూసి ఈ పేరు పెట్టాడని తరచుగా చెబుతారు. గ్రంథంలో మాత్రం హుక్ పోల్చినది తేనెపట్టుతోనే.

బెండు ఎందుకు తేలికగా ఉంటుంది, నీటిని ఎందుకు పీల్చుకోదు, నొక్కి వదిలితే మళ్ళీ యథాస్థితికి ఎందుకు వస్తుంది అనేవి హుక్ వేసుకున్న ప్రశ్నలు. గాలితో నిండి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా మూసుకుని ఉన్న గదులే వీటన్నిటికీ కారణమని అతడు సమాధానం చెప్పాడు. ఒక వస్తువు గుణాలను దాని సూక్ష్మ నిర్మాణం ద్వారా వివరించిన ఈ పద్ధతి, కణం అనే పేరు పెట్టడంతో సమానమైన ప్రాముఖ్యం గలది.

హుక్ చూసినది, చూడనిది

హుక్ కణాన్ని కనుగొన్నాడని పాఠ్యపుస్తకాలలో ఒక్క వాక్యంలో చెప్పడం పరిపాటి. దీనిని కొంత వివరించుకోవలసి ఉంది. బెండు కణాలు చెట్టుపై ఉండగానే చనిపోతాయి. వాటి గోడలలో సుబెరిన్ అనే మైనం వంటి పదార్థం చేరుతుంది. లోపలి జీవపదార్థం నశించి ఆ స్థానాన్ని గాలి ఆక్రమిస్తుంది. కాబట్టి బెండులో హుక్ చూసినవి నిర్జీవమైన కణాల గోడలు మాత్రమే. అవి గట్టిగా, ఖాళీగా ఉండటం వల్లనే ఆనాటి పరికరంతో అంత స్పష్టంగా కనిపించాయి.

అయితే అతడు అక్కడితో ఆగలేదు. క్యారెట్టు, సోపు మొక్కల కాడలను, మరికొన్ని మొక్కల దవ్వను కూడా కోసి చూశాడు. వాటన్నిటిలోనూ ఇటువంటి గదులే ఉన్నాయని, పచ్చి మొక్కలలో అవి రసంతో నిండి ఉన్నాయని గుర్తించాడు. 1628లో విలియం హార్వే రక్తప్రసరణను వివరించిన నాటి నుండి జంతువుల సిరలలోని కవాటాల సంగతి అందరికీ తెలుసు. మొక్కలలో కూడా రసం ఒక గది నుండి మరొక గదికి పోవడానికి అటువంటి ద్వారాలు ఉండవచ్చునని హుక్ భావించి వెదికాడు. అవి అతనికి కనిపించలేదు. తనకు కనిపించలేదు కాబట్టి అవి లేవని చెప్పలేనని కూడా స్పష్టం చేశాడు.

జంతు శరీరాలు కూడా కణాలతో నిర్మితమైనవని గాని, కణమే జీవానికి ప్రమాణమని గాని హుక్ అనుకోలేదు. అతని దృష్టిలో ఇవి మొక్క శరీరంలోని రసవాహికల భాగాలు.

సూక్ష్మజీవుల నిర్ధారణ

హాలండులోని డెల్ఫ్ట్ నగరానికి చెందిన బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్, తాను నీటిలో కంటికి కనిపించని జీవులను చూశానని 1676 అక్టోబరులో రాయల్ సొసైటీకి సుదీర్ఘమైన లేఖ రాశాడు. ఇద్దరి పేర్లలోనూ హుక్ అనే ధ్వని వినిపించినా వీరికి ఎటువంటి బంధుత్వమూ లేదు. లేఖలోని విషయాన్ని సభ్యులు సులభంగా నమ్మలేకపోయారు. దానిని పరీక్షించే బాధ్యత చివరకు హుక్‌పై పడింది. మొదటి ప్రయత్నాలు ఫలించలేదు. మిరియాలు నానబెట్టిన నీటిని అతి సన్నని గాజు గొట్టంలోకి తీసుకుని, మెరుగైన కటకంతో చూసినప్పుడు ఆ జీవులు కనిపించాయి. 1677 నవంబరు 15న హుక్ వాటిని సభ్యులకు చూపించాడు. చూసినవారిలో రెన్ కూడా ఉన్నాడు. లాటిన్ గాని, ఇంగ్లీషు గాని రాని ఒక వ్యాపారి మాట నిజమని లోకానికి తెలిసింది ఈ ప్రదర్శనతోనే. 1680లో లీవెన్‌హుక్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు.

ఇతర పరిశోధనలు

స్థితిస్థాపకత: స్ప్రింగు సాగే పొడవు, దానిపై ప్రయోగించిన బలానికి అనులోమానుపాతంలో ఉంటుందన్నది హుక్ నియమం. దీనిని ఇతరులు తమదిగా చెప్పుకోకుండా 1676లో అక్షరాలను తారుమారు చేసి ఒక ప్రహేళికగా ప్రకటించి, 1678లో అర్థం వెల్లడించాడు. గడియారాలలో చక్రం కదలికను స్ప్రింగుతో క్రమపరచే పద్ధతి తనదేనని 1675లో డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్‌తో వివాదపడ్డాడు.

శ్వాసక్రియ: 1664లో బ్రతికి ఉన్న కుక్క రొమ్మును తెరచి, కొలిమి తిత్తితో దాని ఊపిరితిత్తులలోకి గాలిని పంపి చాలాసేపు బ్రతికించాడు. దాని బాధను చూసి ఈ ప్రయోగాన్ని మళ్ళీ చేయడానికి ఇష్టపడలేదు. సొసైటీ కోరిక మేరకు 1667లో తిరిగి చేసినప్పుడు, ప్రాణం నిలవడానికి ఊపిరితిత్తుల కదలిక కంటే తాజా గాలి అందడమే ముఖ్యమని రుజువైంది.

శిలాజాలు: రాయిగా మారిన కొయ్యను సూక్ష్మదర్శినితో చూసి, అందులోని రంధ్రాలు మామూలు కొయ్యలో, బొగ్గులో ఉన్నవాటి వంటివేనని హుక్ గమనించాడు. దానిని బట్టి శిలాజాలు ప్రకృతి వేడుకగా రాతిలో పుట్టించిన ఆకారాలు కావని, ఒకప్పుడు జీవించిన ప్రాణుల అవశేషాలని వాదించాడు. కొన్ని జాతులు పూర్తిగా అంతరించి ఉండవచ్చునని కూడా చెప్పాడు. ఆ కాలానికి ఇది సాహసమైన అభిప్రాయం.

లండన్ పునర్నిర్మాణము

1666 సెప్టెంబరు 2 నుండి నాలుగు రోజులపాటు చెలరేగిన మంటలలో లండన్‌లో 13,000కు పైగా ఇళ్ళు, 87 చర్చిలు కాలిపోయాయి. నగర పాలకులు హుక్‌ను సర్వేయరుగా నియమించారు. కాలిన స్థలాలను కొలిచి, హద్దులు పాతి, పొరుగువారి తగాదాలు తీర్చి, హక్కు పత్రాలు ఇచ్చే పనిలో హుక్ కొన్ని సంవత్సరాలు గడిపాడు. తన మిత్రుడు రెన్‌తో కలసి అనేక కట్టడాలకు రూపకల్పన చేశాడు. అగ్నిప్రమాదానికి స్మారకంగా 1671–1677 మధ్య నిర్మించిన 202 అడుగుల స్తంభం వాటిలో ఒకటి. ఆ స్తంభం లోపలి భాగం పొడవైన దూరదర్శినిగా, ప్రయోగశాలగా కూడా ఉపయోగపడాలని దాని నిర్మాతల ఉద్దేశం. బెత్లెమ్ మానసిక చికిత్సాలయ భవనం కూడా హుక్ రూపొందించినదే. అది తరువాతి కాలంలో కూల్చివేయబడింది.

న్యూటన్‌తో వివాదము

1672లో ఐజాక్ న్యూటన్ కాంతి, రంగులపై తన సిద్ధాంతాన్ని సొసైటీకి పంపినప్పుడు దానిని సమీక్షించే పని హుక్‌కు అప్పగించారు. ప్రయోగాలు సరైనవేనని, వాటి నుండి న్యూటన్ చేసిన నిర్ణయం మాత్రం తప్పనిసరి కాదని హుక్ అభిప్రాయపడ్డాడు. న్యూటన్ దీనిని అవమానంగా భావించాడు.

1679లో సొసైటీ కార్యదర్శి హోదాలో హుక్ న్యూటన్‌కు లేఖ రాసి, గ్రహాల గమనాన్ని రెండు భాగాలుగా ఊహించవచ్చునని సూచించాడు: ఒకటి సరళరేఖలో సాగే గమనం, రెండవది సూర్యుని వైపు ఆకర్షణ. ఆకర్షణ దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుందని 1680 జనవరిలో మరొక లేఖలో రాశాడు. 1687లో న్యూటన్ రచించిన ప్రిన్సిపియా వెలువడే ముందు, ఈ ఆలోచన తనదని గుర్తించాలని హుక్ కోరాడు. న్యూటన్ ఆగ్రహించి తన రచనలో హుక్ ప్రస్తావనలను తగ్గించివేశాడు. ఒకచోట మాత్రం రెన్, హేలీలతో పాటు హుక్ పేరును కూడా పేర్కొన్నాడు.

నేటి చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయం ఇది: గ్రహగమనాన్ని పై విధంగా విడదీసి చూడాలన్న సూచన హుక్‌ది, ఆ నియమం నుండి దీర్ఘవృత్త కక్ష్య ఎలా వస్తుందో గణితం ద్వారా నిరూపించినవాడు న్యూటన్. హుక్ ఆ నిరూపణను ప్రకటించలేకపోయాడు.

వ్యక్తిగత జీవితము, మరణము

హుక్ వివాహం చేసుకోలేదు. అన్న కుమార్తె గ్రేస్ హుక్ చాలాకాలం అతని ఇంట్లోనే ఉంది. 1678లో అన్న, 1687లో గ్రేస్ మరణించారు. గ్రేస్ మరణం తరువాత హుక్ కుంగిపోయాడని అతని మొదటి జీవితచరిత్రకారుడు రిచర్డ్ వాలర్ రాశాడు. అనుమానం, కోపం, లోభం గలవాడని వాలర్ చిత్రించిన రూపమే చాలాకాలం ప్రచారంలో ఉంది. 1672 నుండి హుక్ రాసుకున్న దినచర్య 1935లో అచ్చయిన తరువాత మరొక రూపం వెలుగులోకి వచ్చింది. రోజూ కాఫీ హోటళ్ళలో మిత్రులతో, పనివారితో, నావికులతో గంటల తరబడి ముచ్చటించే మనిషి అందులో కనిపిస్తాడు.

చివరి సంవత్సరాలలో కాళ్ళు వాచి, చూపు పోయి హుక్ మంచం పట్టాడు. 1703 మార్చి 3న గ్రెషామ్ కళాశాలలోని తన గదిలో మరణించాడు. పేదవాని వలె జీవించిన ఇతని గదిలో ఒక ఇనుప పెట్టె, అందులో 8,000 పౌండ్లకు పైగా సొమ్ము దొరికాయి. వీలునామా లేదు. లండన్‌లోని బిషప్స్‌గేట్ ప్రాంతంలో గల సెయింట్ హెలెన్ చర్చిలో ఖననం చేశారు. ఇతని రచనలు కొన్నింటిని వాలర్ 1705లో ప్రచురించాడు.

చిత్రపటము

హుక్ మరణించిన సంవత్సరంలోనే న్యూటన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యాడు. 1710లో సొసైటీ గ్రెషామ్ కళాశాల నుండి మరొక భవనానికి మారింది. అదే సంవత్సరం అక్కడికి వచ్చిన ఒక జర్మన్ యాత్రికుడు హుక్ చిత్రపటాన్ని చూసినట్లు రాసుకున్నాడు. ఆ తరువాత అది కనిపించలేదు. న్యూటనే దానిని నాశనం చేయించాడనే కథ ప్రచారంలో ఉన్నప్పటికీ దానికి ఆధారం లేదు. 2003లో ఒక పాత చిత్రం హుక్‌దేనని ప్రకటించారు గాని, అది వాన్ హెల్మాంట్ అనే మరొక శాస్త్రవేత్తదని తరువాత తేలింది. నేడు పుస్తకాలలో కనిపించే హుక్ చిత్రాలు సమకాలికుల వర్ణనలను బట్టి ఊహించి గీసినవి. ఆ వర్ణనల ప్రకారం ఇతడు మధ్యరకం ఎత్తు, వంగిన నడుము, పాలిన ముఖం, పెద్ద తల, బూడిదరంగు కళ్ళు గలవాడు.

హుక్ తరువాత కణ విజ్ఞానము

హుక్ పరిశీలనల తరువాత నెహెమియా గ్రూ, మార్సెల్లో మాల్పీజీ మొక్కల అంతర్నిర్మాణాన్ని విస్తారంగా వర్ణించారు. ఆ తరువాత నూరేళ్ళకు పైగా ఈ రంగంలో ప్రగతి మందగించింది. కటకాల అంచులలో రంగులు ఏర్పడి దృశ్యం మసకబారడం ఇందుకు ఒక ముఖ్య కారణం. పంతొమ్మిదవ శతాబ్దపు మొదటి భాగంలో ఈ లోపం సవరించబడింది. 1831లో రాబర్ట్ బ్రౌన్ మొక్కల కణాలలో కేంద్రకాన్ని గుర్తించి ఆ పేరు పెట్టాడు. 1838లో ష్లైడెన్ మొక్కలు, 1839లో ష్వాన్ జంతువులు కణ నిర్మితాలని ప్రతిపాదించారు. ఉన్న కణాల నుండే కొత్త కణాలు పుడతాయని 1855లో విర్కో ప్రకటించాడు. ఈ విధంగా హుక్ ఖాళీ గదికి పెట్టిన పేరు, సుమారు 170 సంవత్సరాల తరువాత జీవానికి మూల ప్రమాణమైన వస్తువుకు స్థిరపడింది. గోడ లేని జంతు కణాలకు కూడా గది అని అర్థమిచ్చే మాటే నిలిచిపోయింది.

తెలుగులో కణము అనే మాటకు నలుసు, అతి చిన్న భాగం అని అర్థం. భౌతికశాస్త్రంలో పదార్థ కణాలకు కూడా ఇదే మాట వాడతారు. అందువల్ల గది అనే మూలార్థం తెలుగు పదంలో వినిపించదు. హుక్ చూసిన బొమ్మను గుర్తుంచుకోవాలంటే తేనెపట్టును తలచుకోవడం మేలు.

గుర్తింపు

చంద్రునిపై, అంగారకునిపై ఒక్కొక్క బిలానికి హుక్ పేరు పెట్టారు. 3514 సంఖ్య గల గ్రహశకలానికి కూడా ఇతని పేరే ఉంది. 2003లో మూడు వందల వర్ధంతి సందర్భంగా ఇతని కృషిపై కొత్త గ్రంథాలు వెలువడ్డాయి. 2006లో ఇంగ్లండులోని ఒక ఇంటి బీరువాలో హుక్ స్వహస్తంతో రాసిన రాయల్ సొసైటీ సమావేశాల వివరాలు, 500కు పైగా పుటలు, బయటపడ్డాయి. వేలానికి వెళ్ళవలసిన ఆ ప్రతిని విరాళాలు సేకరించి, సుమారు పది లక్షల పౌండ్లకు రాయల్ సొసైటీ కొనుగోలు చేసింది. హుక్ నలభై సంవత్సరాలు సేవ చేసిన సంస్థకే ఆ ప్రతి తిరిగి చేరింది.